అనిపించింది కాదు, చూసింది రాయండి

"మేడమ్, వాడు ఏదో వేసుకుని వచ్చాడు." మా డిస్పాచర్ నోట ఈ మాట వచ్చినప్పుడల్లా నేను అడిగేది ఒకటే: నువ్వు నీ కళ్ళతో ఏం చూశావు? చాలాసార్లు జవాబు "అదే, తేడాగా ఉన్నాడు" దగ్గర ఆగిపోతుంది. తేడాగా ఉండటం తప్పేమీ కాదు. రాత్రంతా పసిబిడ్డను ఎత్తుకుని తిరిగిన తండ్రి తేడాగానే ఉంటాడు. ఇంట్లో గొడవపడి వచ్చినవాడూ అంతే. ఆ మాట పట్టుకుని మనిషిని మూత్ర పరీక్షకు పంపితే రేపు లాయరు ముందు నిలబడాల్సింది డిస్పాచర్ కాదు, నేను.

నేను న్యూజెర్సీలో సరుకు రవాణా చేసే ఒక కంపెనీలో భద్రతా విభాగం చూస్తాను. మాది తెనాలి దగ్గర పల్లె. చదివింది కెమిస్ట్రీ, ఇక్కడికొచ్చాక దొరికిన ఉద్యోగం ఇది. ట్రక్కు డ్రైవర్లు, గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్ళు, లోడింగ్ చేసేవాళ్ళు, అందరి మత్తు పరీక్షల కాగితాలూ నా బల్ల మీదుగానే పోతాయి. ఎవరిని ఎప్పుడు పంపాలి, ఫలితం వచ్చాక ఎవరిని బండి దింపాలి అన్నది చెప్పాల్సింది నేనే. మనవాళ్ళ ఫంక్షన్లలో ఈ సంగతి తెలియగానే ఇద్దరు ముగ్గురు నన్ను పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించి అడుగుతారు. ఏమడుగుతారో తర్వాత చెబుతాను.

ఇక్కడ డ్రైవర్లకు ఇన్ని పరీక్షలు ఎందుకొచ్చాయంటే దాని వెనక ఒక రైలు ప్రమాదం ఉంది. 1987 జనవరి 4న వాషింగ్టన్ నుంచి బోస్టన్ వెళుతున్న ఆమ్‌ట్రాక్ ప్రయాణికుల రైలు, మేరీల్యాండ్‌లోని చేజ్ అనే చోట, సిగ్నల్ దాటి తన పట్టాల మీదకు వచ్చేసిన సరుకు రైలింజన్లను ఢీకొట్టింది. పదహారు మంది చనిపోయారు. ఆ ఇంజన్లలో ఉన్న ఇంజనీరు, బ్రేక్‌మన్ ఇద్దరూ గంజాయి తాగి ఉన్నారని తేలింది. అంతకు ముందే, 1986లో, అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వోద్యోగులకు మత్తు పరీక్షల ఉత్తర్వు ఇచ్చి ఉన్నాడు. చేజ్ తర్వాత ఒత్తిడి పెరిగి 1991లో అమెరికా కాంగ్రెస్ చట్టమే చేసింది. రైళ్ళు, విమానాలు, లారీలు, బస్సులు నడిపేవాళ్ళందరికీ పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. మధ్యలో, 1989లో, రైల్వే కార్మిక సంఘాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. మనిషి రక్తం, మూత్రం తీసుకోవడం సోదా చేయడమేనని కోర్టు ఒప్పుకుంది. అయినా ప్రయాణికుల ప్రాణాల దృష్ట్యా ఆ సోదా సబబేనంది. ఆ తీర్పులో రెండో సగాన్నే అందరూ గుర్తుపెట్టుకున్నారు. మొదటి సగాన్ని నేను మా సూపర్‌వైజర్లకు ప్రతిసారీ గుర్తుచేస్తాను. మీరు చేస్తున్నది సోదా.

డ్రైవర్‌ను పరీక్షకు పంపే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఉద్యోగంలో చేరేముందు, ఒక స్థాయి దాటిన ప్రమాదం జరిగాక, ఏడాది పొడుగునా కంప్యూటర్ లాగే పేర్ల ప్రకారం. ఈ మూడో దాంట్లో ట్రక్కు కంపెనీలు ఏటా తమ డ్రైవర్ల సంఖ్యలో కనీసం 50 శాతం మత్తు పరీక్షలు చేయించాలి. 2016 నుంచి 2019 దాకా అది 25 శాతమే. ఒకే మనిషి పేరు వరసగా వచ్చిందనుకోండి, "లాటరీ టికెట్టుకు తగలని అదృష్టం నాకిక్కడే తగులుతోంది" అని నా మీద విసుక్కుంటాడు. కంప్యూటర్ అతన్ని మళ్ళీ అదే డబ్బాలో వేసి కలుపుతుంది కాబట్టి అలా తగలడం సహజమే. ఇవన్నీ యంత్రం పనులు, మనిషి బుర్రతో పని లేదు. బుర్ర పెట్టాల్సింది అనుమానం వచ్చినప్పుడు.

అనుమానంతో పరీక్షకు పంపాలంటే, శిక్షణ పొందిన సూపర్‌వైజర్ తానే స్వయంగా, అప్పటికప్పుడు, విడమరిచి చెప్పగలిగిన లక్షణాలు చూసి ఉండాలి. మనిషి వాలకం, ప్రవర్తన, మాట, ఒంటి వాసన, ఈ నాలుగింటిలోనే. ఆ శిక్షణ మద్యం గురించి గంట, మత్తు మందుల గురించి మరో గంట. రెండు గంటల్లో ఏం నేర్పగలరంటారా? కొంచెమే. కానీ కంటికి కనిపించినదాన్ని కాగితం మీద పెట్టడం మాత్రం నేర్పొచ్చు. ఎవరో వచ్చి "అతను బాత్‌రూమ్‌లో ఏదో పీలుస్తున్నాడు" అని చెవిలో ఊదితే అది పరీక్షకు చాలదు, వెళ్ళి మనిషిని చూడటానికి మాత్రమే చాలుతుంది. చూసింది ఇరవై నాలుగు గంటల్లోగా, లేదా ఫలితం బయటికి రాకముందే, ఏది ముందైతే అప్పటికి, రాసి సంతకం పెట్టాలి. ఫలితం వచ్చాక రాస్తే అది కథ అవుతుంది.

ఆనవాళ్ళు మార్చి ఒకటి చెబుతాను. ఒక చలికాలం సాయంత్రం మా యార్డులో సీనియర్ డ్రైవర్ ఒకాయన ట్రైలర్‌ను వెనక్కి తీస్తూ స్తంభానికి రెండుసార్లు రాసుకున్నాడు. ఆ పని ఆయన కళ్ళు మూసుకుని చేయగలడని పేరు. సూపర్‌వైజర్ ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఆ సూపర్‌వైజర్ రాసిన కాగితం ఇప్పటికీ శిక్షణలో చూపిస్తాను, పేర్లు కొట్టేసి. "క్యాబిన్ దిగేటప్పుడు మెట్టు కోసం కాలితో రెండుసార్లు వెతికాడు. చీకటి పడుతున్నా కంటిపాపలు గుండుసూది మొనంత ఉన్నాయి. మాట ముద్దగా ఉంది. లోడు కాగితం గురించి చెబుతూ వాక్యం మధ్యలో కళ్ళు మూతపడ్డాయి, నేను పేరు పెట్టి పిలిస్తే లేచాడు. మద్యం వాసన లేదు." అంతే. ఎక్కడా 'మత్తులో ఉన్నాడు' అన్న మాట లేదు. ఆ మాట అనడం సూపర్‌వైజర్ పని కాదు కూడా. చీకట్లో మామూలుగా పెద్దవి కావాల్సిన కంటిపాపలు చిన్నబడి ఉండటం నల్లమందు జాతి మందుల గుర్తు. ఆయనకు ఆ సంగతి తెలియకపోయినా చూసింది రాశాడు గనుక సరిపోయింది.

తర్వాతి పని, గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి మాట్లాడటం. పదిమంది ముందు అడగకూడదు. "మందు కొట్టావా" అనీ అడగకూడదు. "నేను ఇవి చూశాను, నిబంధన ప్రకారం పరీక్షకు పంపాలి" అని చెప్పాలి, అంతే. ఆ మనిషిని తన కారు తానే నడుపుకుంటూ పోనివ్వకూడదు. సూపర్‌వైజరే క్లినిక్‌కు తీసుకెళ్ళి, అయ్యాక ఇంటి దగ్గర దింపాలి. మత్తులో ఉన్నాడన్న అనుమానంతో పంపిన మనిషిని నువ్వే నడుపుకుంటూ వెళ్ళిరా అనడం కంటే తెలివితక్కువ పని ఉండదు. అయినా అలా పంపేవాళ్ళున్నారు.

క్లినిక్‌లో జరిగేది చూస్తే మనవాళ్ళకు ఆశ్చర్యం వేస్తుంది. జేబులు ఖాళీ చేయిస్తారు. చేతులు కడిగిస్తారు. టాయిలెట్ గిన్నెలో నీళ్ళకు నీలిరంగు కలిపి ఉంటుంది, అందులోంచి ముంచి కలపకుండా. కనీసం 45 మిల్లీలీటర్లు ఇవ్వాలి. కప్పు పక్కన అంటించిన పట్టీ మీద వేడి 32 నుంచి 38 డిగ్రీల మధ్య చూపించాలి, అదీ నాలుగు నిమిషాల్లోపు చదవాలి. ఎవరి మూత్రమో సీసాలో పట్టుకొచ్చి పోస్తే అక్కడ దొరికిపోతారు. ఆ తర్వాత ఆ మనిషి కళ్ళ ముందే దాన్ని రెండు సీసాల్లో పోసి, సీలు వేసి, సీలు మీద అతని చేతే పొడి అక్షరాలు పెట్టిస్తారు. రెండో సీసా అతని హక్కు. మొదటి సీసాలో పాజిటివ్ వస్తే, ఆ కబురు అందిన 72 గంటల్లోగా అడిగితే రెండోదాన్ని వేరే ల్యాబ్‌లో పరీక్షిస్తారు. భయానికి మూత్రం రాకపోతే మూడు గంటలు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తారు. మధ్యలో లేచి వెళ్ళిపోతే అది నిరాకరణ, పాజిటివ్‌తో సమానం.

ల్యాబ్‌లో మొదటి పరీక్ష జల్లెడ మాత్రమే. అందులో తగిలినవాటినే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలో పెట్టి ఏ పదార్థమో, ఎంతో తేలుస్తారు. అందులోనూ తేలితే ఫలితం నేరుగా నా దగ్గరికి రాదు. మధ్యలో ఒక డాక్టర్ ఉంటారు. ఆయన కంపెనీ మనిషి కాదు. ముందు ఆ డ్రైవర్‌కే ఫోన్ చేసి "ఏమైనా మందులు వాడుతున్నారా, చీటీ ఉందా" అని అడుగుతారు. చీటీ ఉండి, ఆ మందు అతనికే రాసి ఉంటే, నాకు వచ్చేది నెగెటివ్ అన్న ఒక్క మాటే. అతనికి ఏ జబ్బుందో నాకు తెలియదు, తెలియకూడదు. ఈ మొత్తం వ్యవస్థలో నాకు బాగా నచ్చింది ఈ ఫోన్ కాలే.

ఇప్పుడు ఫంక్షన్లలో గొంతు తగ్గించి అడిగే ప్రశ్నకు వస్తాను. "మావాడికి బ్యాంకు ప్రాజెక్టు వచ్చిందండీ, ఎల్లుండి డ్రగ్ టెస్టట. ఆదివారం కోడికూరలో గసాలు వేశాను. ఏమీ కాదుగా?" నవ్వుకోవాల్సిన భయం కాదిది. గసగసాలు వచ్చేది నల్లమందు మొక్క నుంచే. గింజ లోపల మార్ఫిన్ ఉండదు, కాయ గాటుపడినప్పుడు కారే పాలు గింజ పైన అంటుకుంటాయి. కడిగితే చాలా భాగం పోతుంది. మనం మాత్రం గిన్నెడు నూరి కూరలో పోస్తాం. అమెరికాలో ప్రభుత్వ పరీక్షలకు మొదట్లో హద్దు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు ఉండేది. గసగసాలు చల్లిన రొట్టెలు తిన్నవాళ్ళు కూడా అందులో పడుతున్నారని 1998లో దాన్ని 2000కు పెంచారు. అప్పటికీ సందేహం పూర్తిగా తీరలేదు. 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణ శాఖ తన సైనికులను గసగసాలకు దూరంగా ఉండమంది. హెరాయిన్ వాడినవాళ్ళలో మాత్రమే కనిపించే ఒక పదార్థం వేరే ఉంది, గసగసాలు తింటే అది రాదు. ల్యాబ్‌లో దాని కోసమూ చూస్తారు. కానీ ప్రైవేటు కంపెనీలు తమకు తోచిన హద్దు పెట్టుకోవచ్చు, పాత 300నే వాడే చోట్లూ ఉన్నాయి. అందుకని నేను చెప్పేది: పరీక్ష ఉందని తెలిస్తే ఆ నాలుగు రోజులూ గసాలు వద్దు, జీడిపప్పు నూరుకోండి.

దగ్గు సిరప్‌ల సంగతి ఇంకా గట్టిగా చెబుతాను. ఊరి నుంచి అమ్మ సూట్‌కేసులో పెట్టి పంపే సీసాల్లో కోడీన్ ఉన్నవి ఉంటాయి. కోడీన్ ఒంట్లో కొంత మార్ఫిన్‌గా మారుతుంది. నల్లమందు కలిపిన కామినీ విద్రావణ రసం లాంటి ఆయుర్వేద మాత్రలూ ఉన్నాయి. మూలికే కదా అంటే ల్యాబ్ యంత్రం వినదు. చీటీ, బిల్లు దాచుకోండి. డాక్టర్ ఫోన్ చేస్తే ఎత్తండి, తెలియని నంబరని వదిలేయకండి. ఎంతకీ దొరక్కపోతే డాక్టర్ మీతో మాట్లాడకుండానే పాజిటివ్ అని తేల్చేయవచ్చు.

గంజాయి దగ్గరకు వచ్చేసరికి మా గోడౌన్ గుమ్మం ఒక సరిహద్దు అయిపోయింది. న్యూజెర్సీ 2021లో పెద్దలకు గంజాయి చట్టబద్ధం చేసింది. దాంతో మూత్రంలో గంజాయి ఆనవాళ్ళు ఉన్నంత మాత్రాన ఉద్యోగిపై చర్య తీసుకోకూడదన్న షరతు వచ్చింది. పనిలో మత్తుగా ఉన్నట్టు విడిగా రుజువు కావాలి. గుమ్మానికి ఇటువైపున్న ఫోర్క్‌లిఫ్ట్ కుర్రాడికి ఆ చట్టం. అటువైపు ట్రక్కు ఎక్కే డ్రైవర్‌కు కేంద్ర నిబంధన, అక్కడ గంజాయి ఎప్పుడు తాగినా, ఏ రాష్ట్రంలో తాగినా తప్పే. ఇద్దరూ శనివారం ఒకే బల్ల దగ్గర కూర్చుని కాల్చి ఉండొచ్చు. ఒకడి ఉద్యోగం పోవచ్చు, ఇంకొకడిది పోదు. అన్యాయమని డ్రైవర్లు అంటారు. నలభై టన్నుల దాకా బరువుతో రోడ్డెక్కే బండి గనుక కొంత ఒప్పుకుంటాను. కొంతే ఎందుకంటే, గంజాయి ఆనవాళ్ళు అప్పుడప్పుడు తాగేవాడిలో కొన్ని రోజులు, రోజూ తాగేవాడిలో వారాల తరబడి ఉంటాయి. మూత్ర పరీక్ష ఎప్పుడో వాడాడని చెబుతుంది. ఇప్పుడు మత్తులో ఉన్నాడా అంటే దానికి తెలియదు. ఆ సంగతి చెప్పేది సూపర్‌వైజర్ రాసిన కాగితమే.

ఆ సీనియర్ డ్రైవర్ ఫలితంలో వచ్చింది ఆక్సికోడోన్. నొప్పి మాత్ర. 2018 జనవరి 1 దాకా కేంద్ర పరీక్షలో ఆ మందు జాబితాలోనే లేదు. నడుం దెబ్బకు కొన్నేళ్ళ క్రితం ఆయనకు డాక్టరు రాశాడు, ఆ చీటీ ఎప్పుడో అయిపోయింది. తర్వాత భార్య ఆపరేషన్‌కు ఇచ్చినవాటిలో మిగిలినవి మింగుతూ వచ్చాడు. భార్యకు రాసిన మందు భర్తకు చీటీ కాదు. పాజిటివ్. దేశమంతటికీ ఉన్న డ్రైవర్ల రికార్డులో ఆయన పేరు ఎక్కింది, అంటే మా దగ్గర మానేసి పక్క కంపెనీలో చేరి దాచుకునే వీలు లేదు.

ఇక్కడి నుంచి ఉద్యోగం ఉంచాలా తీసేయాలా అన్నది నిబంధన చెప్పదు, కంపెనీ ఇష్టం. చెప్పేది ఒక్కటి: మళ్ళీ బండెక్కాలంటే ముందు వ్యసన నిపుణుడి దగ్గరకు వెళ్ళాలి, ఆయన చెప్పిన చికిత్స పూర్తిచేయాలి, తర్వాత పరీక్షలో నెగెటివ్ రావాలి. ఆ పరీక్షలో పక్కన ఒక మనిషి నిలబడి చూస్తాడు. అదయ్యాక మొదటి ఏడాదిలో చెప్పాపెట్టకుండా కనీసం ఆరు పరీక్షలు, నిపుణుడు కావాలనుకుంటే ఐదేళ్ళ దాకా. ఇదంతా ఎవరి ఖర్చుతో అంటే అదీ నిబంధనలో లేదు. మా యాజమాన్యంలో తీసేద్దామన్నవాళ్ళే ఎక్కువ. కొత్త డ్రైవర్‌ను వెతికి తయారుచేసుకునే ఖర్చు లెక్క వేసి చూపించాక మెత్తబడ్డారు. దయ గురించి చెప్పి ఉంటే వినేవాళ్ళు కాదనుకుంటా. ఆయన తిరిగొచ్చాడు. మాత్రలు మానాక అసలు నడుం నొప్పి బయటపడింది, దానికి వైద్యం మొదలైంది.

హైదరాబాద్‌లో మా పిన్ని కూతురు ఒక గోడౌన్ కంపెనీలో హెచ్‌ఆర్. ఒక రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, లోడింగ్ కుర్రాడొకడు మత్తులో ఉన్నాడని మా సారు ఆన్‌లైన్‌లో కిట్లు తెప్పించి పరీక్ష చేయించారు. గీత సన్నగా వచ్చింది. రేపటి నుంచి రావద్దని చెప్పమంటున్నారు."

"గీత వచ్చిందా, లేదా?"

"వచ్చింది. సన్నగా."

"అయితే నెగెటివే. గీత రాకపోతే పాజిటివ్."

అవతల కాసేపు మాట లేదు. ఇది చాలామంది పొరబడే చోటు. గర్భ పరీక్షలో గీత వస్తే అవునని అర్థం, మత్తు పరీక్ష పట్టీలో గీత వస్తే లేదని. పట్టీలోని రంగు గీత దగ్గరికి వెళ్ళి అంటుకోవాలి. మూత్రంలో మందు ఉంటే, బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు, ఆ రంగు కణాలను ముందే పట్టేసుకుంటుంది, గీతకు ఏమీ మిగలదు. సన్నగా కనిపించినా అది గీతే. ఒకవేళ గీత రాకపోయినా అది జల్లెడే, ల్యాబ్‌లో ఖాయం చేయకుండా ఎవరి పొట్టా కొట్టకూడదు.

మన దేశంలో ప్రైవేటు ఉద్యోగాలన్నిటికీ వర్తించే మత్తు పరీక్షల చట్టమంటూ లేదు. విమానయానంలో మాత్రం 2022 జనవరి 31 నుంచి పైలట్లకు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు నిబంధన అమలవుతోంది. ఏటా పదిశాతం మందికి ముందుగా చెప్పకుండా చేయాలి, మొదటిసారి దొరికితే చికిత్సకు పంపాలి. మిగతా చోట్ల కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లు, శాఖాపరమైన విచారణే దిక్కు. 1971లోనే సుప్రీంకోర్టు ఒక డ్రైవర్ కేసులో తేల్చింది: వాసన, తూలడం, పెద్దవైన కంటిపాపలు, తడబడే మాట ఉన్నంత మాత్రాన తాగాడని నిర్ధారించలేం, రక్తమో మూత్రమో పరీక్షించాల్సింది అని. అంటే అక్కడ కాగితం ఒక్కటే చాలదు, పరీక్షా కావాలి. పైగా గోప్యత ప్రాథమిక హక్కని 2017లో అదే కోర్టు చెప్పాక, ఉద్యోగంలో చేరేటప్పుడే రాతపూర్వకంగా చెప్పి ఒప్పుకోలు తీసుకోకుండా ఎవరి చేతికో కప్పు ఇవ్వడం కొరివితో తల గోక్కోవడమే.

"మరి నిజంగా పాజిటివ్ వస్తే పోలీసులకు అప్పజెప్పమంటున్నారు సారు," అంది.

మత్తు మందు వాడటం మన 1985 చట్టంలో 27వ సెక్షన్ కింద నేరమే, మందును బట్టి ఆరు నెలల దాకానో, ఏడాది దాకానో జైలు పడవచ్చు. ఆ చట్టంలోనే 64ఎ అని ఇంకో సెక్షన్ ఉంది: వ్యసనపరుడు తానుగా ముందుకొచ్చి గుర్తింపు పొందిన చోట చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణా పోతుంది. మీ సారుకు ఈ రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టి చూపించు అన్నాను. వ్యసనం నుంచి బయటపడాలనుకునేవాళ్ళ కోసం ప్రభుత్వ ఉచిత నంబరు 14446 ఉంది. దాన్ని క్యాంటీన్ గోడ మీద తెలుగులో, హిందీలో, ఒడియాలో అంటించమన్నాను. కుర్రాడి సంగతి వారం పాటు నానింది గానీ, దీనికి మాత్రం సారు వెంటనే ఒప్పుకున్నారట, ఖర్చు లేదు గనుక.